రాళ్ళ చదువు

ఈ మధ్య ఇంటి నుంచి ఎవరు ఫోన్ చేసినా ఒకటే ప్రశ్న. "మళ్ళీ కాలేజీలో చేరావంట కదా, బీటెక్కూ ఎమ్మెస్సూ రెండూ అయిపోయాయి కదరా, ఇంకా ఏం చదువు?" ఎంబీఏ అని చెప్తే అక్కడితో వదిలేస్తారు. మెషీన్ లెర్నింగ్ అంటే మెచ్చుకుంటారు కూడా. నేను చేరింది జియాలజీలో. అదీ కమ్యూనిటీ కాలేజీలో. అదీ ఒక్కటంటే ఒక్క సబ్జెక్టు. ఇది చెప్పగానే అవతల వైపు కాసేపు నిశ్శబ్దం, తర్వాత మెల్లగా "ఉద్యోగం బానే ఉంది కదా?" అని.

ఉద్యోగం బానే ఉంది. 2022, 2023 లేఆఫుల తర్వాత మా టీములో సగం మంది మిగిలాం. ఆ మిగిలిన సగంలో నేనొకణ్ణి. అప్పుడు అందరూ ఏదో ఒక సర్టిఫికేషన్ మొదలుపెట్టారు. నేనూ మొదలుపెట్టాను. నాలుగో వీడియో దగ్గర అనిపించింది, ఇంటర్ మొదటి సంవత్సరం నుంచి ఇప్పటిదాకా నేను చదివిన ప్రతి అక్షరం ఏదో ఒక గేటు దాటడానికే చదివాను అని. ఎంసెట్ గేటు, క్యాంపస్ గేటు, జీఆర్ఈ గేటు, వీసా గేటు, ఇంటర్వ్యూ గేటు. గేటు దాటగానే చదివింది దాటినచోటే వదిలేసి వచ్చేశాను. ఇప్పుడు నన్నెవరైనా లాప్లాస్ ట్రాన్స్‌ఫార్మ్ గురించి అడిగితే పారిపోతాను.

ఇండియాలో ఉన్నవాళ్ళ కోసం ఈ కాలేజీల సంగతి కొంచెం చెప్పాలి. కాలిఫోర్నియాలో 116 కమ్యూనిటీ కాలేజీలున్నాయి. 1960లో రాష్ట్రం ఒక మాస్టర్ ప్లాన్ వేసుకుంది: పైన యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా, మధ్యలో స్టేట్ యూనివర్సిటీలు, కింద అందరికీ తెరిచి ఉంచే కమ్యూనిటీ కాలేజీలు. 18 ఏళ్ళు నిండితే చాలు. ఎంట్రన్సు లేదు, ర్యాంకు లేదు, కౌన్సెలింగు లేదు, మేనేజ్‌మెంట్ కోటా అసలే లేదు. ఆదివారం రాత్రి అన్నం తిన్నాక అప్లికేషన్ నింపాను, అరగంట పట్టింది. రాష్ట్రంలో నివాసం రుజువు చేసుకున్నవాళ్ళకి ఫీజు యూనిట్‌కి 46 డాలర్లు, 2012 నుంచీ అదే. క్లాసూ ల్యాబూ కలిపి 4 యూనిట్లు, అంటే 184 డాలర్లు. పార్కింగూ అదీ వేరు. (ఎఫ్1 మీద వచ్చినవాళ్ళకి దీనికి కొన్ని రెట్లు ఉంటుంది, అది వేరే కథ. హెచ్1 మీద ఉద్యోగం చేసుకుంటూ సాయంత్రాలు క్లాసుకెళ్ళడానికి మాత్రం అభ్యంతరం లేదు. ముందే చెప్పేస్తున్నా, ఎలాగూ అడుగుతారు కాబట్టి :) )

ఇక్కడి మనవాళ్ళకి కమ్యూనిటీ కాలేజీ అంటే చిన్నచూపు. పిల్లవాడు అక్కడ రెండేళ్ళు చదివి పెద్ద యూనివర్సిటీకి మారితే ఆ రెండేళ్ళ సంగతి పార్టీల్లో ఎత్తరు. నాకూ ఉండేది ఆ చూపు. మొదటి రోజు క్లాసులోకి వెళ్ళి చూస్తే నా పక్కన అరవై దాటిన రిటైరైన ప్లంబర్. తవ్వకాల్లో బయటపడే మట్టి చూసి చూసి, అదేంటో తెలుసుకోవాలనిపించి చేరాడట. ముందు వరసలో ఇంకా హైస్కూల్ అయిపోని పదిహేడేళ్ళ పిల్ల. వెనకాల, రెస్టారెంట్లో వంట ముగించుకుని సరాసరి వచ్చే ఒకతను, చేతులకి ఇంకా ఉల్లిపాయ వాసన. మేడం వచ్చి అందరి ముందూ తలో రాయి పెట్టి, ఏం కనిపిస్తోందో చెప్పమంది. పేరు చెప్పమనలేదు, కనిపించింది చెప్పమంది. నేను రాయిని అటు తిప్పి ఇటు తిప్పి "గ్రే" అన్నాను. ఇరవై ఏళ్ళ చదువు తర్వాత నా దగ్గరున్నది ఆ ఒక్క మాట. ప్లంబర్ తాత మాత్రం పది సంగతులు చెప్పాడు.

ల్యాబు నాకు బాగా నచ్చింది. గోరుతో గీకి చూడటం, గాజు మీద గీయడం, పింగాణీ పలక మీద రుద్ది చార రంగు చూడటం. ఒక ట్రేలో తెల్లటి ముక్క ఒకటి, సైజుకి తగని బరువు. బెరైటీస్. ఆయిల్ బావులు తవ్వేటప్పుడు బురదని బరువెక్కించడానికి వాడతారట. ఉమ్మడి కడప జిల్లా మంగంపేటలో దీని నిక్షేపం ప్రపంచంలోనే పెద్దవాటిల్లో ఒకటి. మాది కదిరి పక్క పల్లె, అంటే మాకు పక్క జిల్లా. ఆ పేరు నేను లారీల వెనక తప్ప ఎక్కడా చదవలేదు. మరో వారం సున్నపురాయి మీద యాసిడ్ చుక్క వేసి బుసబుసమని పొంగడం చూపించారు. అప్పుడు గుర్తొచ్చింది, మా ఇంట్లో పరిచిన కడప బండల మీద నిమ్మకాయ పిండితే అమ్మ ఎందుకు అరిచేదో. మచ్చ పడుతుందని తనకి తెలుసు. ఎందుకు పడుతుందో తెలిసేంత కెమిస్ట్రీ నేను చదివాను. బండకీ కెమిస్ట్రీకీ సంబంధం ఉందని మాత్రం నాకు తోచలేదు. ఐపీఈలో కెమిస్ట్రీకి ఎన్ని మార్కులొచ్చాయో చెప్పి ఇంకా సిగ్గుపడను.

తర్వాత ఫీల్డ్ ట్రిప్. మనకి ఫాల్ట్ అంటే సెగ్మెంటేషన్ ఫాల్ట్. ఇక్కడివాళ్ళకి హేవర్డ్ ఫాల్ట్. అది ఫ్రీమాంట్ మధ్యలోంచి పోతుంది. మన తెలుగువాళ్ళు ఎంతమంది ఉంటారో మీకు తెలుసు ఆ ఊళ్ళో, నేనూ అక్కడే మూడేళ్ళు ఉన్నాను. బార్ట్ స్టేషన్ పక్కన ఒక మడుగు ఉంటుంది, రెల్లు గడ్డీ బాతులూ. రోజూ రైలెక్కుతూ దాన్ని చూసేవాణ్ణి. ఫాల్ట్ కదలికలకి నేల కుంగి ఏర్పడ్డ మడుగట అది. హేవర్డ్ డౌన్‌టౌన్‌లో ఫాల్ట్ మీద కట్టిన పాత సిటీ హాలు గోడలు పగిలి, మూసేసి ఉంది. అక్కడ నేల ఏడాదికి సుమారు 5 మిల్లీమీటర్ల చొప్పున చప్పుడు లేకుండా జరుగుతూనే ఉంటుంది. ఒక వీధి మూలలో ఫుట్‌పాత్ అంచు ఇలా విరిగి పక్కకి జరిగితే, జియాలజిస్టులు దశాబ్దాల పాటు దాన్ని ఫోటోలు తీసుకుంటూ వచ్చారు. 2016లో సిటీవాళ్ళు వీల్‌చైర్ ర్యాంపు కోసం దాన్ని తవ్వి చక్కగా సరిచేసి పెట్టారు. జియాలజిస్టులు లబోదిబోమన్నారు. ప్రొడక్షన్‌లో ఎవరో లాగ్ ఫైళ్ళు క్లీన్ చేసేస్తే మనకెలా ఉంటుందో అలా అన్నమాట.

1868 అక్టోబర్‌లో ఈ ఫాల్ట్ మీద వచ్చిన భూకంపాన్నే, 1906లో ఇంకా పెద్దది వచ్చేదాకా, జనం పెద్ద శాన్‌ఫ్రాన్సిస్కో భూకంపం అనేవాళ్ళు. ఇక్కడ 1972 నాటి చట్టం ఒకటుంది. ఇల్లు ఫాల్ట్ జోన్‌లో ఉంటే అమ్మేవాడు కొనేవాడికి కాగితం మీద చెప్పి తీరాలి. మా ఫ్రెండొకడు కోటానుకోట్లు పోసి ఇల్లు కొన్నాడు. తూర్పు ఫేసింగా కాదా అని దిక్సూచితో చూసాడు, ఈశాన్యం మూల కొలిచాడు, వంటగది ఫోటోలు విజయవాడలో సిద్ధాంతిగారికి పంపించాడు. ఫాల్ట్ జోన్ కాగితం మీద మాత్రం చదవకుండానే సంతకం పెట్టాడు. మామూలు ఇంటి ఇన్సూరెన్సులో భూకంపం కవర్ కాదన్న సంగతి మొన్న నేను చెప్తే తెలిసింది. అప్పటినుంచీ నాతో కొంచెం ముభావంగా ఉంటున్నాడు.

కాలం గురించిన పాఠంలో స్కాట్లండ్ తీరం బొమ్మ చూపించారు. 1788లో జేమ్స్ హట్టన్ పడవలో వెళ్ళి చూసిన చోటు. నిటారుగా నిలబడిన పాత పొరల మీద, దాదాపు పడుకుని ఉన్న కొత్త పొరలు. రెండిటి మధ్య గీత దగ్గర కోట్ల ఏళ్ళు గల్లంతు. గిట్‌లో వరుసగా కమిట్లు చూసుకుంటూ పోతుంటే మధ్యలో హిస్టరీ మాయమైనట్టు. మేడం స్లైడ్ మార్చింది. ప్రపంచంలో ఇలాంటివి ఇంకెక్కడున్నాయో వెతుకుదామని నేను ఫోన్ తీశాను. తిరుమల. ఘాట్ రోడ్డు పక్కన కొండ కోతలో కనిపిస్తుందట. కింద సుమారు 250 కోట్ల ఏళ్ళ నాటి గ్రానైటు, దాని మీద సుమారు 160 కోట్ల ఏళ్ళ నాటి క్వార్ట్‌జైటు. మధ్యలో పదుల కోట్ల ఏళ్ళ ఆనవాలు లేదు. జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా దాన్ని జాతీయ భౌగోళిక స్మారకంగా గుర్తించింది కూడా. ఆ రోడ్డు మీద నేను బస్సులో కనీసం పదిహేనుసార్లు వెళ్ళి ఉంటాను. మలుపుల్లో కడుపులో తిప్పకుండా ఉండటానికి కళ్ళు మూసుకుని :(

ఇవన్నీ సరదా సంగతులు. ఇక్కడితో ఆగితే "మంచి హాబీ" అని మీరూ నేనూ చేతులు దులుపుకోవచ్చు. పదకొండో వారం భూగర్భ జలాల పాఠం వచ్చింది.

మేడం రెండు గ్లాసులు తెచ్చింది. ఒకదాంట్లో ఇసక, ఒకదాంట్లో గ్రానైటు ముక్క. రెండిట్లోనూ నీళ్ళు పోసింది. ఇసకలో నీళ్ళు ఇంకాయి, గ్రానైటు పక్కనుంచి కిందికి జారాయి. గట్టి గ్రానైటులో నీళ్ళు నిలవడానికి గుల్లతనం ఒక శాతం కూడా ఉండదు. నీళ్ళుంటే పైన మెత్తబడిన పొరలో ఉండాలి, లేదా బీటల్లో ఉండాలి. లోతుకి పోయేకొద్దీ పైబరువుకి బీటలు బిగుసుకుంటాయి, తగ్గుతాయి. అందుకే ఇలాంటి రాతినేలల్లో లోతుగా వేస్తే నీళ్ళు పడతాయన్న గ్యారంటీ లేదు, చాలాసార్లు డబ్బు దండగ. ఇంతే పాఠం. పది నిమిషాలు పట్టింది.

మా నాన్న 2011 నుంచి 2016 లోపు ఏడు బోర్లు వేయించాడు. పాయింటు పెట్టే ఆయన అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని చేనంతా నడిచేవాడు. కాయ లేచి నిలబడిన చోట సున్నంతో ముగ్గు. తిరుచెంగోడు నుంచి వచ్చిన రిగ్గు లారీ రాత్రికి రాత్రి దిగేది. రెండో బోరులో 180 అడుగులకి రెండించుల నీళ్ళు పడ్డాయి. ఊరంతా వచ్చి చూసిపోయారు, అమ్మ బోరుకి పసుపు కుంకుమ పెట్టింది. మూడో వేసవికి అది ఎండింది. ఆ తర్వాత ప్రతి బోరూ దానికంటే లోతు. 500, 650, 800. ఆరోదాంట్లో 700 దగ్గర ఆపుదామని నాన్న అంటే, రిగ్గు అతను "ఇంకో వంద వేద్దాం సామీ, ఇంత దూరం వచ్చినాం" అన్నాడు. అతనికి అడుగుకింత అని లెక్క. ఏడోది 900 దాకా పోయి తెల్లటి పొడి తప్ప ఏమీ రాలేదు. ఆ పొడి నా యూనిఫారం మీద పడితే దులుపుకుని కాలేజీ బస్సెక్కాను, గుర్తుంది. రెండెకరాలు పోయింది. నా చదువు ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద నడిచింది కాబట్టి ఆగలేదు.

క్లాసులో ఆ గ్లాసు చూస్తూ కూర్చున్నాను. నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం. నాన్న మీద కాదు, కొబ్బరికాయ ఆయన మీద కూడా కాదు. నాన్న అన్ని వైపులా అడిగాడు పాపం, ఆయనకి అందుబాటులో ఉన్న జ్ఞానం కొబ్బరికాయే. మా ఊళ్ళో ఆ ఏళ్ళలో ఎనిమిదిమంది బీటెక్ చదువుతున్నాం. ఈసీఈ, సీఎస్ఈ, ఒకడు మెకానికల్. మా కాళ్ళ కింద ఏ రాయి ఉందో ఒక్కడికి తెలియదు. తెలుసుకునే దారి ఉందన్న సంగతి కూడా తెలియదు. మా దృష్టిలో జియాలజీ అంటే ర్యాంకు రానివాళ్ళు డిగ్రీలో తీసుకునేది.

జియాలజీ చదివితే నీళ్ళు పడతాయని చెప్పడం లేదు. రెసిస్టివిటీ సర్వే చేసినా తప్పిపోవచ్చు. మా వైపు గ్రానైటుని చీల్చుకుంటూ నల్లరాతి గోడల్లాంటివి పోతుంటాయి, డోలరైట్ డైకులంటారు. దానికి ఒకవైపు నీళ్ళుండి ఇంకోవైపు లేకపోవచ్చు. బోరు వేసేదాకా రుజువు లేదని మేడమే చెప్పింది. కానీ 800 అడుగుల దగ్గర ఆగాలా వద్దా అన్న ప్రశ్నకి జవాబు చెప్పడానికి ఆ పది నిమిషాల పాఠం చాలు. ఐదో బోరు దగ్గరే నాన్న లెక్క వేసుకునేవాడు. లెక్కలు నాకంటే బాగా వేస్తాడు.

"ఎన్‌పీటెల్ ఉంది కదా, యూట్యూబ్ ఉంది కదా, ఛాట్‌జీపీటీని అడిగితే చెప్పదా?" అని మా రూమ్మేటు వాదన. చెప్తుంది. నేనూ అడుగుతూనే ఉంటాను. కానీ అడగడానికి ముందు అక్కడ ఒక ప్రశ్న ఉందని తట్టాలి కదా. నాకు ఇరవయ్యెనిమిదేళ్ళు తట్టలేదు. ఎవరో చేతిలో రాయి పెట్టి ఏం కనిపిస్తోంది అని అడిగి, "గ్రే" అంటే నవ్వకుండా ఇంకా చూడు అంటేనే తట్టింది. ఓపెన్ యూనివర్సిటీ ఉంది కదా అని ఇంకొకరన్నారు. నిజమే, 1982లో దేశంలో మొదటి ఓపెన్ యూనివర్సిటీ పెట్టింది మన రాష్ట్రమే, దానికి గర్వపడాలి కూడా. కానీ అక్కడా మనం వెళ్ళేది డిగ్రీ కోసం, ప్రమోషన్ కోసం. మంగళవారం సాయంత్రం పొలం నుంచో ఆఫీసు నుంచో వచ్చి, ఒక్క సబ్జెక్టు, ల్యాబుతో సహా, ఊరికి దగ్గర్లో, తక్కువ ఫీజుకి కూర్చుని నేర్చుకునే చోటు గురించి నేనంటున్నది.

మనకి చేతకాక కాదు. 2000ల్లో ఏపీఫామ్స్ అని ఒక ప్రాజెక్టు నడిచింది, ఏడు కరువు జిల్లాల్లో. రైతులే వర్షపాతం కొలుచుకుని, బోర్లలో నీటిమట్టం కొలుచుకుని, ఎంత నీరుందో ఎంత పంటకి సరిపోతుందో ఊళ్ళో కూర్చుని లెక్క కట్టుకునేవాళ్ళు. రైతుల నీటి బడులని పెట్టి నేర్పారు. చదువు రానివాళ్ళు కూడా నేర్చుకున్నారు. అనంతపురం కూడా ఆ ఏడు జిల్లాల్లో ఉంది. మా పల్లె దాకా రాలేదు, అంతే. ప్రాజెక్టు కాబట్టి గడువు ఉంటుంది, గడువైపోయింది. కాలేజీకి గడువు ఉండదు, తేడా అదే. ఇంజనీరింగ్ సీట్లు నిండక మూతపడ్డ కాలేజీల భవనాలు మన దగ్గర ఎన్ని ఉన్నాయో మీకు నేను చెప్పక్కర్లేదు. వాటిల్లో ల్యాబులున్నాయి, బల్లలున్నాయి, బస్సులు కూడా ఉన్నాయి. సాయంత్రం పూట నాలుగు గదులు తెరవడానికి ఎంతవుతుంది? అమెరికా నుంచి మనం బాడీ షాపింగు దాకా అన్నీ తెచ్చుకున్నాం, ఇదొక్కటి తెచ్చుకోలేదు.

నాన్నకి చెప్పాలా వద్దా అని రెండు వారాలు ఆలోచించాను. ఏడు బోర్లు వేసినాయనకి ఇప్పుడు పోయి గ్రానైటులో నీళ్ళుండవు నాన్నా అని ఎలా చెప్తాం? చివరికి ఆయనే ఎత్తాడు.

"రాళ్ళ గురించి సదువుతాండావంట?"

చెప్పాను. గ్లాసు సంగతి, బీటల సంగతి, డైకుల సంగతి. మధ్యలో ఒక్క మాట మాట్లాడలేదు. లైను కట్టయిందేమో అనుకున్నాను.

"అంటే ఐదోది వేసినప్పుడు నల్లపొడి వచ్చినాది, అది నువ్వు చెప్పేదేనేమో," అన్నాడు. "కాలవ పక్క చేన్లో కూడా అట్లే వచ్చినాది. రెండూ ఒకే వరస."

నాకు ఒళ్ళు జలదరించింది. నాన్న దగ్గర ఏడు బోర్ల డేటా ఉంది. పక్క చేలవి కూడా ఉన్నాయి. ఎన్ని అడుగులకి ఏ రంగు పొడి వచ్చిందో అన్నీ గుర్తున్నాయి. వాటిని ఒక కాగితం మీద పెట్టమని ఎవరూ అడగలేదు, అంతే.

ఇప్పుడు చిన్నాన్న తన చేన్లో బోరు వేస్తానంటున్నాడు. ముందు జిల్లా భూగర్భ జల శాఖ ఆఫీసుకి వెళ్ళి సర్వేకి అడగమన్నాను. వెళ్ళొచ్చాడు, తేదీ కోసం చూస్తున్నాడు. కొబ్బరికాయ కూడా చూపించుకున్నాడు, అది వేరే సంగతి. ఈలోపు పక్క ఊళ్ళో రిగ్గు దిగితే నాన్న వెళ్ళి, ప్రతి పది అడుగులకీ ఒక గుప్పెడు పొడి పట్టి, క్యారీ కవర్లలో కట్టి తెచ్చాడు. వరండాలో వరసగా పేర్చి ఫోటో తీసి వాట్సాప్‌లో పంపాడు. ముందు ఎర్రవి, తర్వాత బూడిదరంగువి. అది క్లాసులో చూపిస్తే మేడం ఫోన్ లాక్కుని పెద్దది చేసి చూసింది. పొడి కడిగి, మిగిలిన చిన్న పలుకుల్ని ఎండబెట్టి మళ్ళీ ఫోటో తీయమని చెప్పు, కవర్ల మీద లోతు రాయమని చెప్పు అంది.

నాన్నకి ఫోన్ చేసి చెప్పాను.

"కడిగేదానికి జల్లెడ కావాల. మీయమ్మ ఇయ్యనంటాంది. నువ్వే చెప్పు," అని ఫోన్ అమ్మకిచ్చాడు.